చింతపిక్కలతో తీసివేత

పిల్లలూ!

కిందటి నెల ఈ పేజీలో మనం ధన సంఖ్యలనూ, ఋణ సంఖ్యలనూ కూడటం నేర్చుకున్నాం. ఈ నెల తీసివేత సంగతి చూద్దాం. కూడికలు చకచకా చేసేసే పిల్లలు కూడా తీసివేత దగ్గరికి వచ్చేసరికి తల గోక్కుంటారు. అది వాళ్ళ తప్పు కాదు. చిన్న తరగతుల్లో మాస్టారు, "మూడులోంచి అయిదు పోదు. పక్కస్థానం నుంచి అప్పు తెచ్చుకో" అని చెబుతారు. ఆరో తరగతిలో ఇంకో మాస్టారు, "మూడులోంచి అయిదు పోతే మైనస్ రెండు" అంటారు. అప్పుడు పోనిది ఇప్పుడు ఎలా పోయింది? బుట్టలో మూడే మామిడిపళ్ళుంటే అయిదు పళ్ళు ఎవరు తీయగలరు?

ఈ అనుమానం మీకు ఎప్పుడైనా వచ్చిందా? వస్తే సంతోషం. రాకపోతే ఇప్పుడు తెచ్చుకోండి. అనుమానం వచ్చినవాడికే లెక్క బాగా వస్తుంది. దీనికి సమాధానం చెప్పే ముందు, ఒకప్పుడు నేను చేసిన తప్పు ఒకటి మీకు చెప్పాలి. మాస్టర్లు కూడా తప్పులు చేస్తారా అని ఆశ్చర్యపోకండి. చేస్తారు. కాకపోతే వాళ్ళ తప్పులకు మార్కులు వేసేవాళ్ళు ఉండరు!

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లెటూరి బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. పాఠాలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఋణ సంఖ్యల తీసివేత చెప్పవలసిన రోజున నేను తొందరపడి, ఒక అడ్డదారి తొక్కాను. "మైనస్ మైనస్ ప్లస్" అని బల్లమీద రాసి, పిల్లలందరి చేతా పాటలాగా అనిపించాను. వాళ్ళు పైకప్పు ఎగిరిపోయేటట్టు అన్నారు. నాకు చాలా సంతోషం వేసింది. పాఠం అరగంటలో అయిపోయింది.

పరీక్షలో ఒక చిన్న లెక్క ఇచ్చాను: −3 − 5 ఎంత?

కాగితాలు దిద్దుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. సగం మంది పిల్లలు +8 అని రాశారు! ఒకరి తరవాత ఒకరికి సున్నాలు చుట్టుకుంటూ పోయాను. అంతలో ఒక అమ్మాయి కాగితం దగ్గర నా చెయ్యి ఆగింది. ఆ అమ్మాయి ముందు −8 అని రాసింది. తరవాత దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన +8 అని రాసింది. సరైన జవాబు కొట్టేసి, తప్పు జవాబు రాయటం ఏమిటి?

మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి అడిగాను. ఆమె భయంభయంగా ఇలా చెప్పింది:

"కొట్లో మా నాన్న మూడు రూపాయలు బాకీ ఉన్నాడనుకున్నానండీ. ఇంకో అయిదు రూపాయల సరుకు అరువు తెస్తే ఎనిమిది రూపాయలు బాకీ అవుతాడు గదా అని మైనస్ ఎనిమిది వేశానండీ. తరవాత మీ పాట గుర్తొచ్చింది. ఇక్కడ రెండు మైనస్‌లు ఉన్నాయి కదండీ. అందుకని కొట్టేశానండీ."

నాకు నోట మాట రాలేదు. ఆ అమ్మాయికి లెక్క వచ్చు. ఎవరూ చెప్పకుండానే తన ఇంటి సంగతితో పోల్చి చూసుకుని సరైన జవాబు వేసింది. దాన్ని కొట్టేయించింది నేను నేర్పిన పాట! తన బుద్ధి కన్న మాస్టారి మాటే గొప్పదని నమ్మి, ఆ పిల్ల తన బుద్ధిని కొట్టేసుకుంది. నేను చుట్టిన సున్నా నిజానికి ఎవరికి రావాలి?

ఆ సాయంత్రం బడి వసారాలో పిల్లలు అష్టాచెమ్మా ఆడుతున్నారు. గవ్వలు లేవేమో, నాలుగు చింతపిక్కలను ఒక పక్క బండమీద అరగదీసి వాటితో పందెం వేస్తున్నారు. పిక్కలు దొర్లి, కొన్ని తెల్లగా, కొన్ని నల్లగా పడుతున్నాయి. అది చూస్తూ ఉంటే నాకు ఉపాధ్యాయ శిక్షణలో చెప్పిన పాఠం ఒకటి జ్ఞాపకం వచ్చింది. ధన ఋణ సంఖ్యలను రెండు రంగుల బిళ్ళలతో చెప్పాలని మాకు నేర్పారు. పరీక్షలో నేను దాని గురించి రెండు పేజీలు రాశాను కూడా. తీరా తరగతిలోకి వెళ్ళాక, తొందరలో మరిచిపోయాను.

మర్నాడు దోసెడు చింతపిక్కలు పట్టుకుని తరగతికి వెళ్ళాను. "తప్పు మీది కాదు, నాది. మళ్ళీ మొదలుపెడదాం" అన్నాను. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ రోజు చెప్పిన పాఠమే ఇప్పుడు మీకు చెబుతాను. చదవటంతో సరిపెట్టకండి. పిక్కలు దగ్గర పెట్టుకుని చేస్తూ చదవండి.

ముందుగా పిక్కలు సిద్ధం చేసుకోండి. ఒక ఇరవై చింతపిక్కలు తీసుకోండి. వీటినే కొన్ని ఊళ్ళలో చింతగింజలంటారు. ఒక్కొక్కదాన్ని ఒక పక్క మాత్రం గరుకు బండమీద, లోపలి తెలుపు కనబడేదాకా అరగదీయండి. పట్నంలో ఉండేవాళ్ళకు పిక్కలు దొరక్కపోతే, అట్టముక్కలను గుండ్రంగా కత్తిరించి ఒక వైపు నల్లరంగు వేసుకోవచ్చు.

తెల్ల వైపు పైకి ఉన్న పిక్క విలువ +1. చేతిలో ఒక రూపాయి ఉన్నట్టు.

నల్ల వైపు పైకి ఉన్న పిక్క విలువ −1. ఒక రూపాయి అప్పు ఉన్నట్టు.

చేతిలో ఒక రూపాయి ఉండి, ఒక రూపాయి అప్పు కూడా ఉంటే మన ఆస్తి ఎంత? ఏమీ లేదు. దానికీ దీనికీ చెల్లు. అందుకని ఒక తెల్లపిక్క, ఒక నల్లపిక్క కలిస్తే దాన్ని "చెల్లు జత" అందాం. చెల్లు జత విలువ సున్నా. కిందటి నెల కూడికలో మనం చేసిందల్లా పిక్కలన్నీ ఒకచోట చేర్చి, చెల్లు జతలను ఏరిపారేసి, మిగిలినవి లెక్కపెట్టటమే.

ఈ నెల కిటుకు దానికి తలకిందులు. చెల్లు జతల విలువ సున్నా గనక వాటిని పారేయవచ్చు. అలాగే, కావలసినప్పుడు తెచ్చి కలుపుకోనూ వచ్చు! మీ ముందు మూడు తెల్లపిక్కలు పెట్టండి. విలువ 3. ఒక చెల్లు జత తెచ్చి పక్కన పెట్టండి. ఇప్పుడు నాలుగు తెల్లవి, ఒకటి నల్లది ఉన్నాయి. విలువ మారిందా? లేదు, ఇంకా 3. ఇంకో జత తెండి. అయిదు తెల్లవి, రెండు నల్లవి. ఇప్పుడూ 3. పిక్కలు పెరిగాయి, విలువ మాత్రం పెరగలేదు. ఇంతకు మించి ఈ పాఠంలో రహస్యం లేదు. ఇక తీసివేతలు చేద్దాం.

మొదటి లెక్క: −5 − (−3).

చూడటానికి భయంకరంగా ఉంది గాని, ఇదే అన్నిటికన్న సులభం. అయిదు నల్లపిక్కలు పెట్టండి. వాటిలోంచి మూడు నల్లపిక్కలు తీసేయండి. ఎన్ని మిగిలాయి? రెండు నల్లవి. జవాబు −2. అయిదు మామిడిపళ్ళలోంచి మూడు తీసినట్టే! ఏ పాటా అక్కర్లేదు.

రెండో లెక్క: 3 − 5.

మూడు తెల్లపిక్కలు పెట్టండి. అయిదు తెల్లవి తీయాలి. రెండు తక్కువ వచ్చాయి. ఏం చేద్దాం? రెండు చెల్లు జతలు తెద్దాం. ఇప్పుడు అయిదు తెల్లవి, రెండు నల్లవి ఉన్నాయి. విలువ ఇంకా 3 అని మరిచిపోకండి. ఇప్పుడు అయిదు తెల్లవీ తీసేయండి. రెండు నల్లవి మిగిలాయి. జవాబు −2.

మామిడిపళ్ళతో కాని పని పిక్కలతో ఎలా అయిందో గమనించారా? మామిడిపళ్ళకు "నల్లపళ్ళు" లేవు, అంటే అప్పు పళ్ళు లేవు. అందుచేత మూడు పళ్ళలోంచి అయిదు తీయలేమన్న చిన్న తరగతి మాస్టారి మాట ఆ బుట్టకు నిజమే. ఆరో తరగతిలో సంఖ్యల బుట్ట పెద్దదయింది, అంతే.

మూడో లెక్క: 4 − (−2).

నాలుగు తెల్లపిక్కలు పెట్టండి. రెండు నల్లవి తీయాలి. కాని ఒక్క నల్లపిక్కా లేదే! రెండు చెల్లు జతలు తెండి. ఆరు తెల్లవి, రెండు నల్లవి అయ్యాయి. ఆ రెండు నల్లవీ తీసేయండి. మిగిలినవి ఆరు తెల్లవి. జవాబు +6.

తీసేస్తే పెరగటమేమిటి అంటారా? డబ్బుతో చెప్పి చూద్దాం. ఒకాయన జేబులో ఆరు రూపాయలున్నాయి, రెండు రూపాయలు అప్పుంది. ఆయన అసలు ఆస్తి నాలుగు రూపాయలు. అప్పిచ్చినవాడు దయతలచి, "పోనీలే, ఆ రెండు రూపాయలూ ఇవ్వనక్కర్లేదు" అన్నాడు. అప్పు పోయింది. ఇప్పుడు ఆయన ఆస్తి ఆరు రూపాయలు. అప్పు తీసేస్తే ఆస్తి పెరగదూ మరి?

నాలుగో లెక్క, ఆ అమ్మాయి లెక్క: −3 − 5.

మూడు నల్లపిక్కలు పెట్టండి. అయిదు తెల్లవి తీయాలి. ఒక్క తెల్లదీ లేదు. అయిదు చెల్లు జతలు తెండి. ఎనిమిది నల్లవి, అయిదు తెల్లవి అయ్యాయి. ఆ అయిదు తెల్లవీ తీసేయండి. ఎనిమిది నల్లవి మిగిలాయి. జవాబు −8. మూడు రూపాయల బాకీ మీద ఇంకో అయిదు రూపాయలు అరువు తెచ్చుకుంటే ఎనిమిది బాకీ. ఆ అమ్మాయి మొదట రాసిందే రైటు.

మరి నా పాట ఎక్కడ తప్పింది? మైనస్ గుర్తు ఒకటే, కాని అది చేసే ఉద్యోగాలు రెండు. −3లో మైనస్ ఒక పేరు. "నేను నల్లపిక్కను" అని చెబుతుంది. "− 5"లో మైనస్ ఒక పని. "అయిదు తెల్లవి తీసెయ్యి" అని చెబుతుంది. మూడో లెక్కలో పని, పేరు పక్కపక్కనే ఉన్నాయి. నల్లవాటిని తీసెయ్యి అన్నాం. అందువల్ల తెల్లవి మిగిలాయి. నాలుగో లెక్కలో తీసింది తెల్లవాటిని. గీతలు రెండున్నాయి గదా అని వాటిని కలిపేస్తే ఎలా? నా పిల్లలు పిక్కలు చూడకుండా గీతలు లెక్కపెట్టారు. అలా లెక్కపెట్టటం నేర్పింది నేనే.

ఇప్పుడు ఒక గమ్మత్తు చూడండి. మూడో లెక్కలో రెండు చెల్లు జతలు తెచ్చి, వాటిలో నల్లవి రెండూ తీసేశాం. మన దగ్గర మిగిలిపోయినవి వాటి జోళ్ళు, అంటే రెండు తెల్లవి. నాలుగో లెక్కలో అయిదు జతలు తెచ్చి, తెల్లవి తీసేశాం. మిగిలినవి వాటి జోళ్ళు, అయిదు నల్లవి. అంటే, ఏ పిక్కను తీయమన్నా, దాని వ్యతిరేకం వచ్చి మన కుప్పలో చేరుతుందన్నమాట. రెండో లెక్కలో కూడా రెండు జతలకు బదులు అయిదు జతలు తెచ్చి చూడండి. ఎనిమిది తెల్లవి, అయిదు నల్లవి. అయిదు తెల్లవి తీస్తే మూడు తెల్లవి, అయిదు నల్లవి మిగులుతాయి. మూడు జతలు చెల్లు. జవాబు మళ్ళీ −2.

కాబట్టి సూత్రం ఇది: ఒక సంఖ్యను తీసివేయటమంటే దాని వ్యతిరేకాన్ని కూడటమే. పెద్ద తరగతుల్లో ఆ వ్యతిరేకాన్నే సంకలన విలోమం అంటారు. మన చింతపిక్కతో అయితే అది ఇంకా సులభం. తీయవలసిన పిక్కలను చేతిలోకి తీసుకోండి, తిరగేయండి, కుప్పలో పడేయండి. 4 − (−2) అంటే రెండు నల్లపిక్కలు పట్టుకుని, తిరగేసి, నాలుగు తెల్లవాటిలో కలపటం. 6 కళ్ళముందే కనబడుతుంది. −3 − 5 అంటే అయిదు తెల్లవి తిరగేసి, మూడు నల్లవాటిలో కలపటం. −8 కనబడుతుంది. ఇది కూడా ఒక సూత్రమే. కాని దీన్ని మీరు మీ చేతులతో కనిపెట్టారు. మరిచిపోయినా మళ్ళీ కనిపెట్టగలరు.

రెండు రంగులతో ధన ఋణాలను చూపటం ఇవాళ్టి సంగతి కాదు. చైనా దేశంలో పూర్వం లెక్కలు చేయటానికి చిన్న పుల్లలు వాడేవారు. "తొమ్మిది అధ్యాయాలు" అనే వాళ్ళ ప్రాచీన గణిత గ్రంథానికి లియు హుయీ అనే పండితుడు 263లో వ్యాఖ్యానం రాశాడు. అందులో ధన సంఖ్యలకు ఎర్రపుల్లలు, ఋణ సంఖ్యలకు నల్లపుల్లలు వాడాలని చెప్పాడు. మన దేశంలో బ్రహ్మగుప్తుడు 628లో రాసిన "బ్రహ్మస్ఫుట సిద్ధాంతం"లో ధనం, ఋణం, శూన్యం అనే మూడింటికీ కూడిక, తీసివేత నియమాలు ఇచ్చాడు. శూన్యంలోంచి ఋణాన్ని తీసేస్తే ధనం అవుతుందని ఆయన అప్పుడే చెప్పాడు. మీరు ఇవాళ పలికే ధనం, ఋణం అనే మాటలు అప్పటివే. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో ఋణ సంఖ్య నెత్తిన ఒక చుక్క పెట్టి రాసేవాడు.

ఇంత పాత విద్య అయినా, దీన్ని నమ్మటానికి గొప్పవాళ్ళు కూడా తటపటాయించారు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ మాసెరెస్ అనే ఆయన 1758లో మైనస్ గుర్తుమీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. పెద్ద సంఖ్యలోంచి చిన్న సంఖ్యను తీయటానికి తప్ప ఆ గుర్తును వాడకూడదని ఆయన వాదన. అంటే మన చిన్న తరగతి మాస్టారి మాటే! కాబట్టి ఈ లెక్కలు మొదట్లో మీకు వింతగా తోస్తే సిగ్గుపడకండి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలకు సూత్రం ముందు చెప్పకండి. వారం రోజులు పిక్కలతో ఆడనివ్వండి. సూత్రం వాళ్ళ నోటనే వస్తుంది. జవాబు తప్పు వస్తే కోప్పడే ముందు, "ఎలా అనుకున్నావు?" అని అడగండి. కొట్టేసిన జవాబులు కూడా చూడండి. ఒక్కొక్కప్పుడు పిల్లల తెలివంతా ఆ కొట్టేసిన చోటే ఉంటుంది. మరొకటి, ఇంట్లో పసిపిల్లలుంటే పని అయిపోగానే పిక్కలు డబ్బాలో పెట్టించండి. పసివాళ్ళు వాటిని నోట్లోనో, ముక్కులోనో పెట్టుకుంటారు.

ఆ అమ్మాయి కాగితం సంగతి చెప్పనే లేదు కదూ? దాన్ని వెనక్కు తీసుకుని, నేను చుట్టిన సున్నా కొట్టేసి, కొట్టేసిన −8 పక్కన రైటు గుర్తు పెట్టాను. మిగతా పిల్లలకు అదే లెక్క మళ్ళీ ఇచ్చాను. ఈసారి వాళ్ళు పాట పాడలేదు. తలవంచుకుని పిక్కలు తిరగేశారు. ఆ గలగల శబ్దం నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంది.

ఇక మీ వంతు. పిక్కలతో చేసి, తరవాత కాగితం మీద రాయండి.

1. 7 − (−2)
2. −6 − (−2)
3. 2 − 6
4. −2 − 4
5. నీరు 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. పాదరసం గడ్డకట్టాలంటే సుమారు −39 డిగ్రీలు కావాలి. 0లోంచి −39 తీసేస్తే ఎంత? బ్రహ్మగుప్తుడి నియమంతో సరిచూసుకోండి.

జవాబులు: 1) 9. 2) −4. 3) −4. 4) −6. 5) 39.

చివరగా ఒక చిక్కు ప్రశ్న. పది చింతపిక్కలు గుప్పిట్లో పట్టి నేలమీద విసరండి. కొన్ని తెల్లగా, కొన్ని నల్లగా పడతాయి. చెల్లు జతలు తీసేసి, మిగిలిన విలువ రాసుకోండి. ఇలా ఇరవైసార్లు విసరండి. విలువ ఎప్పుడైనా 3 వచ్చిందా? వెయ్యిసార్లు విసిరితే వస్తుందా? రాదంటే ఎందుకు రాదు? బాగా ఆలోచించండి. దీని జవాబు మాత్రం వచ్చే నెల చెబుతాను. ఈలోగా మీకు తోచిన కారణం కాగితం మీద రాసి ఉంచుకోండి. ఒకసారి రాశాక, నాతో సరిచూసుకునేదాకా కొట్టేయకండి సుమా!